మా వాడు ఏమీ చెయ్యడండీ
పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

పోయిన నెల జవాబుల్లో మాటవరసకి ఒక ముక్క రాశాను: జనం కిక్కిరిసే చోట్లకీ, షాపుల్లోకీ కుక్కని వెంటబెట్టుకుని వెళ్లకపోవడమే మేలు అని. అంతే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది తిట్టారు. "ఇరవై ఏడేళ్లుగా కుక్కల మధ్యే బతికావు, నీకే వాటిమీద ప్రేమ లేకపోతే ఎలా?" అని ఒకరు. ఆ ఇరవై ఏడేళ్లూ నేను పొడిచిన సూదుల వల్ల వాటికే నామీద ప్రేమ లేదు, నాకు వాటిమీద బోలెడంత ఉంది. సరే, ఈసారి మిగతా ఉత్తరాలు పక్కనపెట్టి వీటికే జవాబులు.

ప్రశ్న: మా వాడు లాబ్రడార్, నాలుగేళ్లు. ఇంట్లో మనిషిలాగే పెరిగాడు. మొన్న బట్టల షాపుకి తీసుకెళ్తే గుమ్మం దగ్గరే ఆపేశారు. అదే సమయంలో లోపల ఇద్దరు పిల్లలు నేలమీద దొర్లుతూ గోల గోల చేస్తున్నారు. వాళ్లని రానిచ్చి, నోరెత్తని మా వాణ్ణి ఆపడం ఏం న్యాయం? మా వాడు ఎవర్నీ ఏమీ చెయ్యడండీ.
– కుక్కని కన్నబిడ్డలా చూసుకునే ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఆఖరి మాట దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ మాట నేనూ అన్నాను, అన్న రెండు నిమిషాలకే నాలిక కరుచుకున్నాను.

మా ఇంట్లో ఉన్నవాడి పేరు బూచి. పేరు చూసి దడుచుకోకండి, మిక్సీ వేస్తే మంచం కింద దూరే రకం. నాలుగేళ్ల కిందట వాణ్ణి వెంటేసుకుని ఒక పెద్ద షాపుకి వెళ్లాను. కుక్కల్ని రానిచ్చే షాపే. లిఫ్టు ఎక్కాం. పై అంతస్తులో ఒక కుటుంబం ట్రాలీతో ఎదురుచూస్తోంది. ఆవిడ బూచిని చూసి కొంచెం జంకితే నేనే నవ్వుతూ, "రండి రండి, మా వాడు ఏమీ చెయ్యడండీ" అన్నాను. నా మాట నమ్మి ఎక్కారు. బూచి నా కాళ్ల వెనక్కి జరిగాడు. తలుపు మూసుకునేలోపు ఇంకో ఇద్దరు దూరారు. ఇక వాడి వెనక గోడే. ట్రాలీ చక్రం వాడి ముందుకాలి వేళ్ల మీదకి ఎక్కింది. నేను కిందకి చూసేసరికి ట్రాలీ పట్టుకున్న పిల్లాడి చొక్కా చెయ్యి వాడి పళ్ల మధ్య ఉంది.

చర్మానికి తగల్లేదు. గుడ్డకి రెండు చిన్న చిల్లులు, చుట్టూ చొంగ తడి. పిల్లాడు ఏడవను కూడా ఏడవలేదు, చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని నిలబడిపోయాడు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి బూచి కాలికి కట్టు కడుతూ చాలాసేపు ఆలోచించాను. వాడు చేసిన తప్పేమిటి? కుక్కకి భయమేస్తే మొదట తప్పుకుంటుంది. తప్పుకోడానికి చోటు లేకపోతే బిగుసుకుపోతుంది. దాంతోనూ గండం గడవకపోతే పళ్లు బయటపెడుతుంది. మొదటి దారి నేనే మూసేసి, మూడోది ఎందుకు పట్టావని వాణ్ణి ఎలా అడగను? అప్పట్నుంచీ ఎక్కడికి వెళ్లినా నాకు ఒకటే కొలత. అక్కడ కుక్కకి వెనక్కి తగ్గే చోటుందా? కుక్కని చూసి భయపడే మనిషికి వెనక్కి తగ్గే చోటుందా? లిఫ్టులో ఇద్దరికీ లేదు. బిల్లింగ్ లైన్లో లేదు. రెండు పక్కలా బట్టలు వేలాడే సందులో అసలే లేదు.

ఇక పిల్లల సంగతి. దొర్లే పిల్లలు విసుగు పుట్టిస్తారు, ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్లాడికి "ఇంటికెళ్దాం" అని ఏడ్చి సాధించుకునే నోరుంది. మీ వాడు "నోరెత్తడు" అని మీరు మెచ్చుకోలుగా రాశారు. నాకు అనుమానం వచ్చింది అక్కడే. కొత్తచోట చడీచప్పుడు లేకుండా నిలబడ్డ కుక్కలన్నీ బుద్ధిగా ఉన్నట్టు కాదు. వాటిలో కొన్ని భయంతో బిగుసుకుపోయి ఉంటాయి.

ఆ షాపు మీ కుక్కకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన కీచు శబ్దం వినపడదు, కుక్కకి సుమారు 45,000 దాకా వినపడుతుంది. మనకి నిశ్శబ్దంగా ఉన్న యంత్రం ఏదో వాడికి కీచుమంటూ ఉండొచ్చు. ముక్కులో వాసన పట్టే కణాలు మనకి 50, 60 లక్షలైతే వాడికి 20 కోట్ల పైమాటే. సెంటు కొట్టుకున్న వందమంది మధ్య ఆ ముక్కు పరిస్థితి ఏమిటి? కాళ్ల కింద నున్నటి నేల. గోళ్లు ఆనక నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి జారుతుంటే ఒళ్లంతా బిగపట్టి నడవాలి. కంటి ఎత్తులో మోకాళ్లు, సంచులు, చక్రాలు. మీకు చల్లగా, హాయిగా ఉన్న షాపు వాడికి ఒక యుద్ధం.

వాడికి నచ్చుతోందో లేదో తెలుసుకోడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. జేబులో వాడికి ఇష్టమైన బిస్కెట్టు పెట్టుకెళ్లండి. ఇంట్లో చెయ్యి కొరికేంత ఆత్రంగా తినేవాడు అక్కడ మొహం తిప్పుకుంటే వెంటనే బయటికి తీసుకొచ్చెయ్యండి. లాబ్రడార్ తిండి వద్దన్నాడంటే అది చిన్న విషయం కాదు. తడిసినట్టు ఒళ్లు విదిలించినా, తిండి ఏమీ లేకుండానే మాటిమాటికీ ముక్కు నాక్కుంటున్నా, తల తిప్పకుండా కంటి చివర్నుంచి చూస్తూ తెల్లగుడ్డు కనబడుతున్నా అదే అర్థం.

నిజం చెప్పాలంటే, మీ వాడు మీతో బయటికి రావాలనే తపిస్తాడు. షాపుకే రావాలని వాడికేం లేదు. ఆ బట్టలు కొనే గంటలో సగం వాణ్ణి ఖాళీ రోడ్డు మీద తిప్పండి. ప్రతి చెట్టు దగ్గరా ఆగి తృప్తిగా వాసన చూడనివ్వండి. మిగతా సగంలో మీరు ఒక్కరే వెళ్లి చీర కొనుక్కోండి.

ప్రశ్న: నాకు ఎనిమిదేళ్లప్పుడు కుక్క పిక్క పట్టుకుంది. మచ్చ ఇంకా ఉంది, భయమూ ఉంది. ఈమధ్య ఒక షాపులో బిల్లు కట్టడానికి లైన్లో నిలబడితే నా వెనక ఒకాయన కుక్కతో నిలబడ్డాడు. అది వచ్చి సరిగ్గా నా పిక్క వాసన చూసింది. తీసుకున్న సామానంతా అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. ఆయన నవ్వి, "ఇంత భయమైతే ఎలా సార్" అన్నాడు. ఈ భయం పోగొట్టుకోవలసిన బాధ్యత నాదేనా?
– ముప్పై ఆరేళ్ల ఉద్యోగి

జవాబు: కాదండీ.

మీ భయం మీకు ఊరికే రాలేదు. నన్నూ ఇన్నేళ్లలో ఏడు కుక్కలు కరిచాయి. ఏడింటిలో ఐదింటి యజమానులు అంతకుముందే "ఏమీ చెయ్యదు డాక్టర్ గారూ" అని హామీ ఇచ్చినవాళ్లే. మొరిగే కుక్క కరవదన్న సామెత కట్టినవాడు కూడా పశువైద్యుడు మాత్రం అయ్యుండడు. నన్ను కరిచినవాటిలో నాలుగు ముందు శుభ్రంగా మొరిగి, ఆ తర్వాతే కరిచాయి.

ఇంకోటి కూడా తరచూ వింటుంటాం: "తోక ఊపుతోంది కదా, భయమెందుకు?" ఇటలీ పరిశోధకులు 2007లో దీన్ని గమనించి చూశారు. యజమాని కనబడితే కుక్కల తోక కుడివైపుకి ఎక్కువ ఊగింది, బెదిరించేలా ఉన్న కొత్త కుక్క కనబడితే ఎడమవైపుకి ఎక్కువ ఊగింది. బిల్లింగ్ లైన్లో నిలబడి ఎడమా కుడీ ఎవరు లెక్కపెడతారు! తోక ఊగుతోందంటే దాని ఒంట్లో ఏదో కదలిక ఉందని అర్థం. అది సంతోషమా, కంగారా అన్నది మిగతా ఒళ్లంతా చూస్తేగానీ తెలీదు.

మళ్లీ అలాంటి చోట ఇరుక్కుంటే పరుగెత్తకండి, పరుగెత్తేదాన్ని తరమడం దానికి ఆట. దానికి పక్కకి తిరిగి నిలబడండి, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, కళ్లలోకి చూడకండి. ఆ పట్టుకున్నాయనతో మాత్రం కళ్లలోకి చూసే చెప్పండి: "నాకు కుక్కలంటే భయం, లీష్ పొట్టిగా పట్టుకుని రెండడుగులు వెనక్కి జరగండి." ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పొగ పడదని చెప్పడానికి సిగ్గుపడతామా?

ఎప్పుడైనా మీ అంతట మీకే ఈ భయం వదిలించుకోవాలనిపిస్తే సైకాలజిస్టులు మెల్లమెల్లగా అలవాటు చేస్తారు. ముందు ఫొటోలు, తర్వాత కిటికీ అవతల దూరంగా కట్టేసిన కుక్క, ఆ తర్వాత ఇంకాస్త దగ్గర. చాలామందికి బాగా పనిచేస్తుంది. అది మీ ఇష్టం, మీ తీరిక. లైన్లో నిలబడ్డ పరాయి మనిషి నవ్వుతూ చేసే వైద్యం కాదది.

ఆ నవ్విన పెద్దమనిషి ఈ పత్రిక చదువుతుంటే ఆయనకి ఒక మాట. ఎదుటివాళ్లు జంకితే మీ కుక్క గుణగణాలు వివరించకండి. మీరే కుక్కకీ ఆ మనిషికీ మధ్యకొచ్చి నిలబడండి. "సారీ" అని ఒక మాట అనండి. మూడు సెకన్ల పని.

ప్రశ్న: షాపులోకి రానివ్వకపోతే పది నిమిషాలు కార్లో వదిలి వెళ్లొచ్చా? అద్దం కొంచెం దించే ఉంచుతాను.

జవాబు: వద్దు. బయట 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న ఆహ్లాదమైన రోజున కూడా ఎండలో ఆపిన కారు లోపల గంటలో 40 డిగ్రీలు దాటిపోతుంది. ఆ పెరిగేదాంట్లో చాలా భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. అద్దం వేలెడు దించినా పెద్ద తేడా ఉండదు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టించుకుని చల్లబడలేదు, ఎక్కువగా రొప్పడమే దాని దారి. చుట్టూ గాలే కొలిమిలా ఉంటే రొప్పి లాభమేమిటి? పైగా షాపులో పది నిమిషాలు ఎవరికీ పది నిమిషాల్లో పూర్తికావు. షాపు బయట స్తంభానికి కట్టేసి వెళ్తామని రాసినవాళ్లకీ ఇదే జవాబు. దారినపోయే పిల్లలు మీదపడతారు, వెనక్కి తగ్గడానికి తాడు అడ్డం.

ప్రశ్న: మాది పుస్తకాల షాపు, మరీ పెద్దదేం కాదు. కుక్కలతో వచ్చేవాళ్లని రానిస్తే ఒకరికి కోపం, వద్దంటే ఇంకొకరికి కోపం. ఏం చెయ్యమంటారు?
– ఒక షాపు యజమాని

జవాబు: ముందు ఏదో ఒకటి తేల్చుకుని గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. గొడవల్లో సగం "నిన్న ఆవిణ్ణి రానిచ్చారు, ఇవాళ నన్నెందుకు ఆపారు" అన్నదగ్గరే మొదలవుతాయి.

ఏది తేల్చుకోవాలంటారా? మీ అలమరాల మధ్య ఉన్న దారిలో మీరే నిలబడి చూడండి. ఒక మనిషి, పక్కన కుక్క, ఎదురుగా ఇంకో మనిషి. ఎవరికీ ఎవరూ తగలకుండా దాటగలిగితే ఆలోచించండి. ఒకరు గోడకి అతుక్కుపోవాల్సి వస్తే "వద్దు" అని బోర్డు పెట్టండి, ఎవరేమనుకున్నా సరే. షాపులో రద్దీ లేని వేళలంటూ ఉంటే ఆ గంటలకి మాత్రమే రానివ్వడం కూడా పద్ధతే.

రానిచ్చేటట్టయితే లీష్ తప్పనిసరి, నాలుగైదు అడుగులకి మించకూడదు. బటన్ నొక్కితే సర్రున సాగే లీష్‌లు ఉన్నాయే, అవి గుమ్మం బయటే. కుక్క ఈ వరసలో, పట్టుకున్నాయన ఆ వరసలో ఉంటారు. మధ్యలో కంటికి కనపడని సన్నటి తాడు. దానికి తట్టుకుని పడ్డవాళ్లూ ఉన్నారు, చేత్తో పట్టుకోబోయి వేళ్లు కోసుకున్నవాళ్లూ ఉన్నారు.

కింది వరస పుస్తకాల సంగతి కూడా ఆలోచించుకోండి. ఒక మగ కుక్క ఒక మూల కాలెత్తిందా, తర్వాత వచ్చే ప్రతి మగ కుక్కా అక్కడ సంతకం పెట్టి పోతుంది. ఉత్త నీళ్లతో తుడిస్తే మనకి వాసన పోతుంది, వాటికి పోదు. అమ్మోనియా కలిసిన క్లీనర్ అస్సలు వాడకండి, మూత్రం వాసనకి దగ్గరగా ఉండి ఇంకా పిలిచినట్టవుతుంది. ఎంజైముతో పనిచేసే క్లీనర్లు దొరుకుతాయి, అవి వాడండి.

అలర్జీ గురించి ఒకే మాట. "మాది బొచ్చు రాలని జాతి, అలర్జీ రాదు" అంటూ వచ్చేవాళ్లుంటారు. అలర్జీ తెచ్చేది బొచ్చు ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చిన మాట అది. అసలు కారణం కుక్క చొంగలోనూ, ఒంటి మీంచి రాలే పొట్టులోనూ ఉండే ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైనదాన్ని క్యాన్ ఎఫ్ 1 అంటారు. అవి లేని జాతంటూ లేదు. గాల్లో తేలతాయి, బట్టలకి అంటుకుని ఇళ్లకీ వెళ్తాయి. కుక్క వెళ్లిపోయాక కూడా మీ షాపులో ఒకరు తుమ్ముతూ ఉండొచ్చు.

మీది పుస్తకాల షాపు కాబట్టి ఇంత ఆలోచించమంటున్నాను. తినే వస్తువులు విడిగా పెట్టి అమ్మే చోటైతే ఇంత చర్చే లేదు, వద్దు. ఎస్కలేటర్ ఉన్న చోటా వద్దు. మెట్లు పైన పళ్లలోకి దూరే దగ్గర కుక్క గోళ్లు, వేళ్లు ఇరుక్కుంటాయి. అలాంటి కాలు ఒకటి నా బల్ల మీదకి వచ్చింది. రెండు వేళ్లు తీసెయ్యాల్సి వచ్చింది. ఆ రోజు ఆ యజమాని ఎత్తుకుంటే సరిపోయేది.

ప్రశ్న: మా అన్నయ్యకి చూపు లేదు, గైడ్ డాగ్ సాయంతో తిరుగుతాడు. మీలాంటివాళ్లు "షాపుల్లోకి కుక్కలు వద్దు" అని రాస్తే, దాన్ని చూపించి రేపు వాణ్ణీ ఆపుతారు. ఆలోచించారా?

జవాబు: ఆలోచించలేదు. తప్పు నాదే, పోయిన నెలే ఆ మాట విడిగా రాసి ఉండాల్సింది. మీ అన్నయ్య వెంట ఉన్న కుక్క షికారుకి రాలేదు, డ్యూటీలో ఉంది. దాన్ని గుమ్మం దగ్గర ఆపడమంటే ఆయన కళ్లని బయట పెట్టి రమ్మనడమే.

ఈ కుక్కల కథ కొంచెం చెప్పుకోవాలి, చాలామందికి తెలీదు. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో 1916లో గైడ్ డాగ్‌లకి శిక్షణ మొదలుపెట్టారు. తర్వాత 1928లో మోరిస్ ఫ్రాంక్ అనే చూపులేని అమెరికా యువకుడు స్విట్జర్లాండ్ వెళ్లి, బడ్డీ అనే ఆడ జర్మన్ షెపర్డ్‌తో కలిసి శిక్షణ పొంది తిరిగొచ్చాడు. న్యూయార్క్‌లో విలేకరులు చూస్తుండగా బండ్లు దూసుకుపోయే వీధిని ఆ కుక్క ఆయన్ని దాటించింది. మరుసటి ఏడు, 1929లో, అమెరికాలో మొదటి గైడ్ డాగ్ శిక్షణ సంస్థ 'ది సీయింగ్ ఐ' పుట్టింది.

దీని శిక్షణలో నాకు అన్నిటికన్నా నచ్చేది మాట వినకపోవడం నేర్పడం. యజమాని "ముందుకి" అన్నా ఎదురుగా గొయ్యో, కారో ఉంటే అది కదలదు. మా బూచి కూడా మాట వినడు కానీ, అది వేరే.

నా కొలత వీటికి వర్తించదా అని మీరు అడగొచ్చు. చక్కగా వర్తిస్తుంది. గుంపు మధ్య బెదిరిపోయే కుక్కపిల్లల్ని శిక్షణలోనే పక్కకి తప్పించి, పెంచుకునేవాళ్లకి ఇచ్చేస్తారు. అన్ని పరీక్షలూ దాటినవాటికే ఆ హ్యాండిల్ ఉన్న పట్టీ కడతారు. అలాంటి కుక్క కనబడితే మనం చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడమే. పిలవొద్దు, నిమరొద్దు, బిస్కెట్టు చూపించొద్దు. అది తల తిప్పిన క్షణంలో మీ అన్నయ్య అడుగు తప్పొచ్చు.

ఇంకో బాధ ఉంది. మామూలు పెంపుడు కుక్కకి "సర్వీస్ డాగ్" అని రాసిన కోటు తొడిగి లోపలికి తెచ్చేవాళ్లు. అది ఎవరి కాలో పట్టుకుంటుంది, మర్నాటి నుంచి నిజం గైడ్ డాగ్‌నీ అనుమానంగా చూస్తారు. అమెరికాలో చట్టప్రకారం షాపువాళ్లు రెండే ప్రశ్నలు అడగొచ్చు: ఇది వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా, ఏ పని చెయ్యడానికి శిక్షణ పొందింది? కాగితాలు చూపించమనకూడదు. కానీ ఆ కుక్క అదుపు తప్పితే, పట్టుకున్నవాళ్లు ఆపలేకపోతే, బయటికి పంపొచ్చు. ఆ మాట నాకు బాగుంది. కోటు మీద ఏం రాసుందో చూడకండి, కుక్క ఎలా నిలబడిందో చూడండి.

ప్రశ్న: రద్దీలో ఒకాయన కుక్క మా పాప చేతిని గీరింది. కొంచెం రక్తం చిమ్మింది. "టీకాలన్నీ వేయించాను, ఏమీ కాదు" అని ఆయన వెళ్లిపోయాడు. ఇప్పుడేం చెయ్యాలి?

జవాబు: ఈ పత్రిక మీ చేతికొచ్చేదాకా ఆగకుండా సంపాదకులు మీకు ఫోన్ చేసి చెప్పారు. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

పంటి గాటైనా, రక్తం వచ్చిన గీతైనా కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, మనం 15 నిమిషాలనుకునేది మామూలుగా రెండు నిమిషాలే. పొడులూ పసర్లూ పెట్టొద్దు. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆయన మాట నిజమే కావొచ్చు, కానీ టీకా కార్డు మీరు చూడలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. మనుషులకి వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లే. కరిచిన కుక్కని 10 రోజులు కనిపెట్టి చూడాలి, అందుకే యజమాని ఫోన్ నంబరు తీసుకోకుండా వదలొద్దు. అయితే ఆ 10 రోజులు చూశాక సూది వేయిద్దాంలే అని ఆగడం మాత్రం ప్రమాదం. సూది మొదలుపెట్టండి, ఆపొచ్చో లేదో తర్వాత డాక్టరు చెప్తారు.

కుక్కని జనంలోకి తెచ్చేవాళ్లు టీకా కార్డు ఫొటో ఫోన్లో పెట్టుకోవాలి. అవతలివాళ్లు అడక్కముందే చూపించాలి. నోటిమాట ఎవరికి కావాలి?

ప్రశ్న: రెండు నెలల కుక్కపిల్లని తెచ్చుకున్నాం. చిన్నప్పుడే జనంలో తిప్పితే భయం పోతుందంటారు. రోజూ మార్కెట్‌కి తీసుకెళ్లనా?

జవాబు: విన్నది సగం నిజం. కుక్కపిల్ల సుమారు మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల లోపు చూసినవన్నీ లోకంలో మామూలే అనుకుంటుంది. ఆ వయసు దాటాక నేర్పడం కష్టం. కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి. అయితే టీకాలు పూర్తికాలేదు కాబట్టి కింద వదలొద్దు, ఎత్తుకునే తిప్పండి.

కానీ చూడటం వేరు, మీదపడటం వేరు. మార్కెట్ నడిమధ్యకి తీసుకెళ్తే పదిమంది చుట్టూ మూగి "అబ్బ, ఎంత బాగుందో" అని చేతులు చాస్తారు. అరచేతంత ప్రాణి తల మీదకి పది అరచేతులు! భయం పోదు సరికదా, గట్టిపడుతుంది. మార్కెట్ చివర, జనం వేలెడంత కనిపించే దూరంలో మెట్టు మీద కూర్చోండి. ఒళ్లో పెట్టుకోండి. ఒక బండి వెళ్లింది, ఒక బిస్కెట్టు ముక్క. గొడుగేసుకుని ఒకాయన వెళ్లాడు, ఇంకో ముక్క. పది నిమిషాలు చాలు, లేచి వచ్చెయ్యండి. రేపు ఇంకో నాలుగడుగులు దగ్గరగా కూర్చోండి. ఎవరైనా ముద్దు చేస్తామంటే పిల్లనే వాళ్ల దగ్గరికి పోనివ్వండి. అది మొహం మీ చంకలో దాచుకుంటే "ఇవాళ వద్దటండీ" అని చెప్పండి. వాళ్లు ఏమైనా అనుకోనివ్వండి.

మూతికి తొడిగే చిక్కం, అదే మజిల్, దాన్నీ ఇప్పుడే ఆటలా అలవాటు చెయ్యండి. అందులో బిస్కెట్టు పెడితే దానంతట అదే మూతి దూరుస్తుంది. రేపు ఆస్పత్రిలోనో, రద్దీ బస్సులోనో తొడగాల్సి వస్తే గింజుకోదు. చిక్కం వేసిన కుక్క చెడ్డ కుక్కని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకోండి.

ప్రశ్న: మా వాడికి షాపింగ్ అంటే బోర్ అనుకుంటాను. షాపులోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఒకటే ఆవలింతలు. రాత్రి నిద్ర చాలడం లేదా? ఏమైనా టానిక్ రాస్తారా? వాడి ఫొటో జత చేశాను, ఎంత ముద్దుగా ఆవలిస్తున్నాడో చూడండి.

జవాబు: ఫొటో చూశాను. ఆవలింత ముద్దుగానే ఉంది. చెవులు మెడకి అతుక్కుపోయి ఉన్నాయి, తోక పొట్ట కిందకి ముడుచుకుంది, కంటి చివర తెల్లగా కనబడుతోంది. నిద్ర సంగతి కాదండీ, టెన్షన్. టానిక్ అక్కర్లేదు. ఆ ఫొటోలో వాడికి ఒక పక్క అద్దాల బీరువా, ఇంకో పక్క ఎవరివో నాలుగు కాళ్లు కనబడుతున్నాయి. తలుపు ఎటుందో కనబడలేదు. అది ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొంచెం రాస్తారా?